ఊరు పడిన పూచీ

ఆ కంది కట్టె లోపలికి ఎగదొయ్యి అబ్బీ. అనపకాయలు ఆ పక్కకు జరపండి, మాడిపోతాయి. పొద్దున బస్టాండు కాడ ఒక పిలగాని గురించి ఎవురో అన్నారంట కదా, వాడు ఊర్లో ఎందుకూ పనికిరాడు, మిలిటరీలో పడేస్తే గాని బాగుపడడని. ఈ మాట నా చిన్నప్పట్నుంచీ వింటా ఉన్నా. అది సగం నిజం. మిగిలిన సగం ఎవురూ చెప్పరు. అది చెప్తా, కూచోండి.

మన గూళూరుకు, గుమ్మనాయకనపాళ్యానికి పాలెగాళ్లుండేవాళ్లు. ఆ కొండ మీద కోట గోడలు మీరు చూసినారు. ఆ కోటను నమ్ముకొని బతికిన బంట్లకు తాత ముత్తాతల నుంచీ ఒకటే పని, పాలెగాడు పిలిస్తే కత్తి తీసుకొని పోవడం. హైదరు, టిప్పు కాలానికి పాలెగాళ్ల పెత్తనం కూలింది. 1799లో శ్రీరంగపట్నం పడి టిప్పు చచ్చిపోయినాక ఆయన పటాలాలూ చెదిరిపాయె. కత్తి తిప్పడం తప్ప ఇంకో విద్య తెలీనోళ్లు వేలకు వేలమంది దేశం మీద పడినారు. ఇంటికాడ పొయ్యి వెలగాల, చేతిలో కత్తి ఉంది, జీతమిచ్చేవాడు లేడు. అట్లాంటోడు ఏం చేస్తాడో మీకు చెప్పాల్నా?

అప్పుడు మైసూరును నడిపింది దివాన్ పూర్ణయ్య. 1811 దాకా రాజ్యం ఆయన చేతిలోనే ఉండె. ఎంత మందినని ఉరి తీస్తాడు? వాళ్లను కందాచారంలో చేర్చుకున్నాడు. ఊరి కాపలాకు, కోటల కాపలాకు, అవసరమైతే యుద్ధానికి పిలిచే బంట్లు అన్నమాట. ఇంటిపట్టున ఉన్నప్పుడు సేద్యం, పిలుపు వస్తే నౌకరీ. సుమారు 20,000 మంది చేరినారు. నిన్న దారి కాసినోడే ఈ పొద్దు ఆ దారికి కాపలా కూచున్నాడు. మనకు ఉత్తరాన అనంతపురం, కడప తట్టు కూడా ఇదే తలనొప్పి. 1800లో నిజాము ఆ జిల్లాలను కుంపిణీకి ఇచ్చేసినాక మన్రో దొర వచ్చినాడు. అక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్లు. ఆయన ముందు వాళ్ల కోటలు పడగొట్టినాడు. పూర్ణయ్య చేసిన పని నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆయన ఆ మనుషులకు పూచీ పడినాడు. దొంగ అనిపించుకున్నవానికి సర్కారు పేరు మీద ఒక పని అప్పజెప్పడమంటే చిన్న పూచీ కాదు.

తరవాత నూరేండ్లకు పైగా మన తట్టు నుంచి పటాలానికి పోయినోళ్లు పోయినారు, వచ్చినోళ్లు వచ్చినారు. మైసూరు లాన్సర్లు 1918 సెప్టెంబరు 23న జోధపూరు వాళ్లతో కలిసి గుర్రాల మీద హైఫా ఊరు పట్టినారు. ఆ ఊరు ఇప్పుడు ఇజ్రాయెల్లో ఉంది. రెండో యుద్ధం ముగిసేటప్పటికి భారత సైన్యం 25 లక్షలయింది. ఎవురినీ బలవంతాన పట్టుకొని పోలేదు, అందరూ తామై చేరినోళ్లే అంటారు. అది కాయితం మీది మాట. వానల్లేక రాగి పైరు ఎండిపోయి, గుమ్మిలో గింజ లేనప్పుడు, నెలకు పద్దెనిమిది రూపాయలు, మూడు పూటలా తిండి అంటే పిలగాడు ఏమంటాడు? ఆకలే తోలింది వాళ్లను. మా నాయన ఈడువాళ్లు ఆ పొద్దు అట్ల పోయినారు, కొందరు బర్మా దాకా పోయినారు.

ఇంక నేను చెప్పాలనుకున్నది మా పెదనాయన కొడుకు సంగతి. పేరు వద్దు, మీ అందరికీ అన్నే. అప్పు తీర్చలేక పెదనాయన వాణ్ణి పదేండ్లకే జీతానికి పెట్టినాడు. జీతమంటే ఇప్పటి జీతం అనుకోవద్దు. తీసుకున్న అప్పుకు పిలగాడు కట్టు. పొద్దుపొడవక ముందే రెడ్డి ఇంటికాడ పేడ ఎత్తాల, ఎద్దులను కడగాల, కపిల తోలాల, రాత్రి పశువుల కొట్టంలోనే పడుకోవాల. ఏండ్లు గడిచినా అప్పు మాత్రం తగ్గదు. ఆ పద్ధతిని చట్టం పెట్టి ఎత్తేసింది 1976లో. అన్నకు పదిహేడు పద్దెనిమిది వచ్చేసరికి లోపల ఏదో తెగింది. పని ఎగ్గొట్టి పేకాటకు కూచునేది, సారాయి తాగేది, అడిగితే తిరగబడేది. పెద్దమ్మ మెడలో మిగిలిన గుండ్లపేరు కూడా అమ్మేసినాడు. ఊర్లో ఏది పోయినా వాని పేరే. వాడు చేసినవి కొన్ని, చెయ్యనివి ఎన్నో.

1962లో చైనా యుద్ధం వచ్చింది. ఆ ఏడాది చివర జాతరలో గొడవ అయింది. వాడు ఒకాయన చెయ్యి విరగ్గొట్టినాడు. బాగేపల్లి ఠాణాకు పోయి కేసు పెడతామని ఆ మనిషి అన్నదమ్ములు పటేలు ఇంటి ముందర నిలబడినారు. నేను అప్పుడు పిలగాణ్ణి, అరుగు కింద నిలబడి చూస్తా ఉన్నా. పటేలు ముసలాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కడాన, చెయ్యి విరిగిన మనిషికి వైద్యం ఖర్చు, పని పోయిన దినాలకు కూలీ ఊరే ఇచ్చేటట్టు ఒప్పించినాడు. అన్న తట్టు తిరిగి, నువ్వు బెంగుళూరుకు పోతావు అన్నాడు. అంతే. పక్క ఊర్లో పటాలం నుంచి వచ్చేసిన సుబేదారు ఒకాయన ఉండె. సైన్యాన్ని పెద్దది చేస్తా ఉన్నారు, పిలగాళ్లు కావాలని ఆయన తిరిగేవాడు. పటేలు ఆయనకు కబురు చేసినాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. దొంగలను, కేసులున్నోళ్లను సైన్యం చేర్చుకోదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నడత మంచిదని ఊరి పెద్ద రాసియ్యాల, ఠాణాలో విచారణ జరుగుతుంది. అది జైలూ కాదు, చెడినోళ్లను దిద్దే బడీ కాదు. అందుకే ఆ పొద్దు పటేలు రాసిన కాయితం ముఖ్యం. కేసు పడుంటే వాని కథ అక్కడితో సరి. శ్యానభోగులు రాస్తా ఉంటే పటేలు చెప్పినాడు. ఈ పిలగాడు మా ఊరివాడు, వీని నడతకు నేను పూచీ. అన్న అది విన్నాడు. వాడు తల ఎత్తి పటేలు మొగం తట్టు చూసింది నాకు బాగా గుర్తు. అంతకు ముందు వాని గురించి ఎవురూ అట్లాంటి మాట అన్నదే లేదు.

పటేలు ఇంకో కాయితం కూడా రాసినాడు. వానితో పేకాట ఆడే సావాసగాడు ఒకడుండె, వానికి. ఇద్దరూ 1963 సంకురాత్రి అయినాక బస్సెక్కినారు. నూరు కిలోమీటర్ల దారి. పెద్దమ్మ ముద్ద, చెట్నీ మూట కట్టింది. మాట మాత్రం మాట్లాడలేదు.

వాళ్లు చేరింది బెంగుళూరులో హలసూరు చెరువు గట్టున ఉండే పటాలంలో, దాని పేరు మద్రాస్ శాపర్లు. ఎంఈజీ అంటారు. 1780లో మద్రాసులో పుట్టిన పటాలం అది. తుపాకీ పట్టేది వాళ్లూ పడతారు గాని అసలు పని వేరే. వంతెన కట్టాల, దారి వెయ్యాల, శత్రువు పూడ్చిన మందుపాతర తియ్యాల. ముళ్లకంచె కింద దూర్చి పేల్చే గొట్టం ఒకటుంది, బెంగళూరు టార్పెడో అని లోకమంతా వాడింది. దాన్ని 1912లో చేసింది ఆ పటాలం కెప్టెను మెక్‌క్లింటాక్. తమిళులు, మలయాళులు, తెలుగోళ్లు, కన్నడిగులు, అందరూ అందులోనే. అందరినీ తంబి అనే పిలిచేది.

అన్నకు చదువు రాదు. వేలిముద్ర. సైన్యంలో ఆ రోజుల్లో చదువు రానోళ్లను కూడా చేర్చుకొని అక్కడే నేర్పేవాళ్లు, పరీక్ష పెట్టి థర్డ్ క్లాసు సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లు. పొద్దున పీటీ, కవాతు, మధ్యాహ్నం పలక. ఆమీద పనితనం. వీనికి తాపీ పని వచ్చింది. ఇటిక మీద ఇటిక పెట్టి, నూలు పట్టి, గుండు వదిలి గోడ నిలువు చూసుకోవడం. సెలవుకొచ్చినప్పుడు నాతో అన్నాడు, పదేండ్లు రెడ్డి ఇంట్లో పని చేసినా, సాయంత్రానికి చూపించేదానికి ఒక్కటీ ఉండేది కాదు రా, గోడ అయితే పొద్దు గూకేటప్పటికి లేచి నిలబడి ఉంటుంది అని.

కవాతుతోనే మనిషి బాగుపడతాడని జనం అనుకుంటారు. అదొక్కటే అయితే నేను నమ్మను. వాడు మొదట్లో అక్కడ కూడా తిరగబడినాడు. ఒక హవల్దారు మీదికి చెయ్యెత్తినాడు. శిక్ష పడింది, ఎర్ర సిరా పడింది. పెద్ద తప్పుకు పడిన శిక్షను సిపాయి నడత కాయితంలో ఎర్ర సిరాతో రాస్తారు. అట్లాంటివి నాలుగైతే ఇంటికి పంపించొచ్చు. ఆ రాత్రి వాణ్ణి పిలిచి సుబేదారు ఒకాయన అడిగినాడంట, మీ ఊర్లో నీకు పూచీ పడింది ఎవురు అని. వీడు పటేలు పేరు చెప్పినాడు. ఆయనకు ఉత్తరం రాయమంటావా అన్నాడంట. వద్దు సాబ్ అని ఏడ్చినాడంట వీడు. రెండో ఎర్ర సిరా వాని కాయితం మీద పడలేదు.

ఇంకొకటి మనీయార్డరు. ట్రైనింగు అయిపోయి, ప్రమాణం చేయించే కసమ్ పరేడు అయినాక మొదటి నెలే ఇరవై రూపాయలు వచ్చింది. పోస్టుమ్యాను వాకిట్లో సైకిలు నిలబెట్టి పెద్దమ్మ పేరు గట్టిగా పిలిచినాడు. ఆమె భయపడి లోపలికి పోయింది, పిలగాడు చచ్చిపోయినాడని తంతి వచ్చిందనుకొని. నేను పోయి చెయ్యి పట్టుకొని తెచ్చినా. ఎడమ బొటనవేలికి సిరా పూసి, ఫారం మీద ఒత్తించి, రెండు పది రూపాయల నోట్లు చేతిలో పెట్టినాడు. ఫారం అడుగున చిన్న ముక్క ఉంటుంది, పంపినోళ్లు రెండు మాటలు రాసుకోవచ్చు. అందులో వంకర టింకరగా తెలుగులో, అమ్మ, బాగుండాను, అని ఉండె. వాని చేతి రాత. ఎవురో తెలుగు తంబి నేర్పించినాడంట. సర్కారు నేర్పింది రోమన్ అక్షరాల్లో హిందీ. పెద్దమ్మ ఆ ముక్కను నాతో ఎన్నిసార్లు చదివించుకుందో చెప్పలేను.

ఆ ఇరవై నెలనెలా వచ్చింది. అప్పు కట్టు తెగింది. వాని తమ్ముణ్ణి కూడా జీతానికి పెట్టాలని మాట నడస్తా ఉండె, ఆ మాట నిలిచిపోయింది. తమ్ముడు బడికి పోయినాడు. వాని పేరెత్తితే మొగం తిప్పుకునే ఇంటివాళ్లు పిల్లనిస్తామని వచ్చినారు. అన్న మారినాడు కాబట్టి డబ్బులొచ్చినాయని మీరనుకుంటారేమో. నేను చూసింది వేరే. నెల మొదట్లో అమ్మ వాకిట్లో కాచుకొని ఉంటుందని తెలిసినాక వాడు మారినాడు. వదిన చెప్పింది, సెలవుకొచ్చినప్పుడు కూడా నాలుగింటికే లేచి కూచునేవాడంట, లేపేవాడు లేకపోయినా.

1971 డిసెంబరు. పాకిస్తానుతో యుద్ధం. శక్కర్‌గఢ్ తట్టు బసంతర్ నది. అవతల మందుపాతరలు పూడ్చిన నేల, దాని వెనక ప్యాటన్ ట్యాంకులు. మన ట్యాంకులు దాటాలంటే ముందు దారి తియ్యాల. ఆ పని పడింది 9 ఇంజనీర్ రెజిమెంటుకు, మద్రాస్ శాపర్లకే. అన్న అందులో ఉండె. డిసెంబరు 15 రాత్రి. కొంత, పాతరలు తీసే ట్రాల్ కట్టిన ట్యాంకులు తోసుకుంటా పోతాయి, మిగిలింది మనిషే చెయ్యాల. ఎట్ల చేస్తారో నాకు నేల మీద పడుకొని చూపించినాడు. బోర్లా పడుకోవాల. సన్నని ఇనప చువ్వను ఏటవాలుగా, మెల్లగా మట్టిలోకి దించాల. నిలువుగా పొడిస్తే పాతర నెత్తి మీద తగిలి పేలుతుంది. ఏటవాలుగా పోతే పక్కకు తగిలి గట్టిగా అనిపిస్తుంది. అప్పుడు చువ్వ పక్కన పెట్టి వేళ్లతో మట్టి తోడాల, మునివేళ్లతో, కంటిలో నలుసు తీసినట్టు. తీసినాక జానెడు ముందుకు జరగాల. దారికి రెండు పక్కలా తెల్ల నాడా పరుచుకుంటా పోవాల, వెనక వచ్చే ట్యాంకు ఆ నాడా మధ్యనే రావాల. మీద గుండ్లు పడతా ఉంటాయి. తొందరపడినవాడు తాను చచ్చేది గాక పక్కవాణ్ణి కూడా చంపుతాడు.

ఓర్పంటే తెలీని మనిషి వాడు. పేకాటలో ముక్క తిరగకపోతే కట్ట విసిరికొట్టేవాడు. ఆ రాత్రి తెల్లవార్లూ జానెడు జానెడు జరిగినాడు. ఎట్ల రా అని అడిగినా. వెనక ట్యాంకుల్లో పిలగాళ్లు ఉండారు కదా అన్నాడు. వాళ్ల పేర్లు వానికి తెలీదు, మొగాలు చూసింది లేదు. ఆ దారిన దాటినోళ్లే పూనా హార్స్ వాళ్లు. మర్నాడు డిసెంబరు 16న ఆ పోరులోనే చనిపోయినాడు అరుణ్ ఖేత్రపాల్, ఇరవై ఒక్క ఏడు, పరమవీర చక్ర ఇచ్చినారు. అన్న ఆయన పేరు ఎత్తినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఎంఈజీలో కొత్తగా చేరినోళ్లకు ఇంకో మనిషి కథ చెప్తారు, సుబేదార్ సుబ్రమణియన్. 1944లో ఇటలీలో మందుపాతర పేలబోతా ఉంటే పక్కవాళ్లను కాపాడేదానికి దాని మీద తానే పడినాడు. జార్జ్ క్రాస్ ఇచ్చినారు, ప్రాణం పోయినాక.

అందరూ అన్న మాదిరి కాలేదు. సైన్యంలో చేరినంత మాత్రాన అందరూ బాగుపడతారని నేను చెప్తే అది అబద్ధం. మన తట్టువాడే ఒకడు యుద్ధం చూసి, పతకాలు తెచ్చుకొని, పెన్షను కూడా తీసుకుంటా, క్యాంటీను రమ్ము తాగి తాగి భార్యను కొట్టి, నలభై దాటకుండా పోయినాడు. ఆయన రాత్రిళ్లు కేకలేసి లేచేవాడు, మనం దెయ్యం పట్టిందని మంత్రగాని కాడికి తీసుకుపోతిమి. అది యుద్ధం పెట్టిన దెబ్బ అని ఇప్పుడు డాక్టర్లు చెప్తారు. అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయినారు. పిలగాణ్ణి బాగుచెయ్యాలని పంపించి, వాడు తిరిగొచ్చినప్పుడు పట్టించుకోకపోతే, ఊరు సగం పనే చేసినట్టు.

ఇప్పుడు అగ్నివీర్ వచ్చింది, 2022 నుంచి. నాలుగేండ్లు. అయినాక నూటికి ఇరవై అయిదు మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు పదకొండు లక్షల చిల్లర తీసుకొని ఇంటికి. పెన్షను లేదు. అన్న పదిహేనేండ్లు చేసి 1978లో పెన్షనుతో వచ్చినాడు, ఆ పెన్షనే ముసలితనంలో వానికి నిలబడింది. అందుకే ఈ పద్ధతి నాకు మనసుకు పట్టడం లేదు. చేతికి పని వస్తుంది, నడత వస్తుంది, అది నిజమే. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లకు మూట నెత్తిన పెట్టుకొని దిగిన పిలగాడు ఆ డబ్బులు ఏం చేస్తాడు, ఎవురు దారి చెప్తారు? పోవాలనుకున్నోళ్లు పోండి, నేను వద్దనను. ముందు కంప్యూటరు పరీక్ష రాయాల, ఆమీదే పరుగు. 1.6 కిలోమీటర్లు. అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే నిండు మార్కులు అని మొన్నటి దాకా లెక్క. అన్న ఉన్నప్పుడు చెరువు కట్ట మీద పిలగాళ్లను పరిగెత్తించేవాడు, సిగరెట్టు వాసన వస్తే వరసలోంచి తీసేసేవాడు.

వానితో బస్సెక్కిన సావాసగాని సంగతి చెప్పలేదు కదా. వాడు మూడు నెలలకే హలసూరు నుంచి పారిపోయి వచ్చినాడు. వెతుక్కుంటా పోలీసులు వచ్చి పట్టుకొని పోయినారు, తరవాత పటాలం పనికిరాడని పంపించేసింది. పటేలు తల దించుకున్నాడు. ఆ మనిషిని ఊరు మళ్లీ గడప తొక్కనియ్యలేదు. చెనక్కాయలు పీకే కాలంలో కూలీకి కూడా పిలిచేవాళ్లు కాదు. పదైదేండ్లు అట్లనే గడిపినాడు, బాగేపల్లి సంతలో మూటలు మోసి, దొరికింది తాగి.

అన్న పెన్షనుకు వచ్చి తాపీ పని మొదలుపెట్టినాడు. మొదటి ఇల్లు ఒప్పుకున్న వారంలోనే బాగేపల్లికి పోయి వాణ్ణి వెతికి తెచ్చినాడు. నేనే అడిగినా, పారిపోయి వచ్చి నీ పేరు కూడా చెడగొట్టినోడు కదా, వాడు ఏంటికి రా నీకు అని. అన్న సున్నం కలుపుతా ఉండె, పార ఆపలేదు.

"ఆ పొద్దు పటేలు రెండు కాయితాలు రాసినాడు రా. ఒకటి నేను చెల్లించినా. ఆయన పోయినాడు, రెండోది ఎవురు చెల్లించాల?"

మొదటి ఏడాది వాడు రెండుసార్లు పని వదిలి పోయినాడు. అన్న రెండుసార్లూ పోయి తెచ్చినాడు. మూడోసారి వాడు పని వదలలేదు. ఇటిక అందించేవాడు నూలు పట్టడం నేర్చినాడు, నూలు పట్టినవాడు గోడ ఎత్తడం నేర్చినాడు. మన వీధిలో ఆ చివర మూడు ఇండ్లు వాళ్లిద్దరూ కట్టినవే. అన్న కన్ను మూసిన ఏడాది కూడా వాడు పని చేస్తానే ఉండె, కూలి కింద ఇద్దరు పిలగాళ్లను పెట్టుకొని.